పద్నాలుగు మీటర్లు

పోయిన వారం నన్ను రికార్డు గదిలో, ఊగే స్టూలు మీద, పై అరలోకి చెయ్యి చాపి ఉండగా వదిలేశారు. ఇంకా కింద పడలేదు. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి దిగుతాను.

నేను సర్వేయరుని. భూములు కొలిచి, హద్దులు చెప్పి, రెండు పక్కలా తిట్లు తినే ఉద్యోగం. మూడేళ్ళ కిందట మా రాష్ట్రంలో ఆన్‌లైన్ జూదం మీద చట్టం వచ్చింది. ఫోనులో డబ్బు పెట్టి పేకాట ఆడినా, పందెం కాసినా, ఆడుకోమని చోటు చూపించినా నేరం. పక్క రాష్ట్రంలో అలాంటి చట్టం లేదు. దాంతో ఒకాయన సరిహద్దులో, మా బస్సు ఆగే ఆఖరి స్టాపు పక్కన, ఆరు గదుల షెడ్డు వేశాడు. గదికి నాలుగు కుర్చీలు, కుర్చీకో చార్జింగు ప్లగ్గు. ఆయన్ని అందరూ షెడ్డాయన అనే అంటారు. అక్కడ కూర్చుంటే ఫోను తాను పక్క రాష్ట్రంలో ఉన్నాననుకుంటుంది, ఆట తెరుచుకుంటుంది. ఫోను ఏమనుకుంటే మాకేంటి, మనిషి ఏ నేల మీద కూర్చున్నాడన్నదే లెక్క అంటూ పోలీసులు వచ్చి పదిహేడు మందిని పట్టుకున్నారు. అందులో మా నాన్న ఒకడు.

కోర్టులో షెడ్డాయన లాయరు, పేకాట తెలివితో ఆడేదే తప్ప జూదం కిందకి రాదని మొదలుపెట్టాడు. ఆ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ షెడ్డు ఏ రాష్ట్రంలో ఉందో రెండు రాష్ట్రాల సర్వేయర్లూ కలిసి కొలిచి చెప్పండి అంది కోర్టు. మా వైపు నుంచి నన్ను వేశారు. లిస్టులో మా నాన్న ఉన్నాడు సార్, నాకొద్దు అని మా ఆఫీసర్‌కి కాగితం పెట్టాను. "ఇంకో సర్వేయరు కాలు విరిగి మంచం మీద ఉన్నాడు కదమ్మా. అయినా టేపుకి చుట్టరికాలేంటి? వెళ్ళొచ్చెయ్" అన్నాడాయన. అవతలి లాయరుని అడిగితే ఆయనకీ అభ్యంతరం లేదన్నాడు. ఎందుకుంటుంది?

ఇదీ సంగతి. ఇప్పుడు స్టూలు దిగుతున్నాను.

చేతికి దొరికింది ముప్పై రెండేళ్ళ నాటి ఫీల్డ్ బుక్కు. అదేం బ్రహ్మవిద్య కాదు, కొలిచేటప్పుడు అక్కడికక్కడ రాసుకునే పొడుగాటి నోటు పుస్తకం. అందులోంచి చూసి తర్వాత ఆఫీసులో ప్లాను గీస్తారు. ప్లాను గోడకెక్కుతుంది, పుస్తకం అటకెక్కుతుంది. ఆ పైన వచ్చినవాళ్ళంతా ప్లానే చూసుకుంటారు. ఈ ప్లానులో సరిహద్దు రాయి గుర్తు ఉంది, నేల మీద రాయీ ఉంది, రెండూ ఒకే చోట ఉన్నాయి. ఇంక పుస్తకం ఎవడిక్కావాలి.

నాకు కావాలి. ఫీల్డ్ బుక్కు చూడకుండా కొలతకి గడప దాటొద్దని నాకు నేర్పినవాడు మా నాన్నే. ఆయన కూడా సర్వేయరే. నేను ఉద్యోగంలో చేరిన మొదటి రెండేళ్ళూ ఆయనే నా పై అధికారి. ఇంట్లో నాన్న, పొలంలో సార్. తప్పు కొలిస్తే పొలంలో తిట్టి, ఇంటికొచ్చాక నాన్నలాగా ఇంకోసారి తిట్టేవాడు.

నలభై ఒకటో పేజీ. నాన్న రాత. నిలబడి మోకాలి మీద పెట్టుకుని రాసినా ఆయన అక్షరం వంకర పోదు. "అసలు స్థానం వాగు మధ్యలో పడింది. అక్కడ రాయి నిలవదు. మన ఒడ్డున, పద్నాలుగు మీటర్లు వెనక్కి వేశాం." కింద సంతకం, తేదీ.

అక్కడే నేల మీద కూర్చుని మళ్ళీ చదివాను. రాయి ఉన్నచోట సరిహద్దు లేదు. అక్కణ్ణుంచి పద్నాలుగు మీటర్లు అవతల ఉంది. ఆ వాగు ఇప్పుడు లేదు. పైన కాలవ తవ్వినప్పుడు దాన్ని మళ్ళించి పూడ్చేశారు. పూడ్చిన నేల మీద, రాయిని ఆనుకుని మొదలుపెట్టి, అవతలి వైపుకి పన్నెండు మీటర్లు షెడ్డు వేశాడాయన. అంటే ఆరు గదులూ మా రాష్ట్రంలోనే ఉన్నాయి. ఇంకా రెండు మీటర్లు మిగిలింది కూడా.

ఇలాంటప్పుడు గుండె జారిపోవాలి. నాది ఎక్కడిదక్కడే ఉంది. నాన్నని పోలీసులు జీపెక్కించిన రోజు నుంచీ నాకు ఇంతే. ఏడుపు రాదు, కోపం రాదు, ఆకలి మాత్రం వేళకి వేస్తుంది. పన్ను పీకడానికి సూదిమందు ఇచ్చాక పెదవి మనది కానట్టు ఉంటుంది చూడండి, మనిషంతా అలా ఉంది. ఆ పుస్తకం ఇష్యూ రిజిస్టరులో రాసి, సంతకం పెట్టి, సంచిలో వేసుకుని మధ్యాహ్నం రెండింటికి ఇంటికి బయల్దేరాను.

బస్సులో కూర్చుని లెక్క వేసుకున్నాను. రాయి నుంచి కొలిస్తే షెడ్డు మొత్తం పక్క రాష్ట్రంలో పడుతుంది, కేసు కొట్టేస్తారు, నాన్న ఇంట్లోనే ఉండి మామూలుగా భోంచేస్తాడు. పుస్తకం ప్రకారం కొలిస్తే నాన్నకి ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. శిక్ష పడితే పెన్షను ఆగుతుంది. డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి. కూతురే కొలిచి లోపల వేయించిందన్న పేరు నాకూ మిగులుతుంది. యంత్రం తెచ్చి కొలుస్తారు కదా, దానికి తెలియదా అని మీరు అడగొచ్చు. యంత్రానికి కూడా మొదలు ఎక్కడో మనమే చెప్పాలి. చెప్పింది విని బుద్ధిగా కొలుస్తుంది, అంతవరకే దాని గొప్ప.

ఇంట్లో మేమిద్దరమే. నేను వెళ్ళేసరికి, బెయిలు మీద బయటున్న నాన్న ముందు గదిలో బల్ల మీద ఉతికిన బట్టలు మడత పెడుతున్నాడు. ఆయన తువ్వాలు మడిచినా అంచుకి అంచు కలవాల్సిందే. కలవకపోతే విప్పి మళ్ళీ మడుస్తాడు.

"తొందరగా వచ్చేశావే" అన్నాడు.

"రేపు కొలత. రికార్డు చూసుకుని వస్తున్నా."

"చూసుకోవాలి మరి." ఇంకో చొక్కా తీశాడు.

పుస్తకం తీసి, నలభై ఒకటో పేజీ తెరిచి, మడిచిన తువ్వాళ్ళ పక్కన పెట్టాను. ఆయన కళ్ళజోడు కోసం తడుముకున్నాడు. నెత్తి మీదే ఉంది. చెప్పాను. పెట్టుకుని చదివాడు. చదవడానికి పెద్దగా సమయం పట్టలేదు, మూడు వాక్యాలే కదా.

నేను దారి పొడుగునా ఒక మాట తయారు చేసుకుని వచ్చాను. ఆయన మర్చిపోయాడు, అంతే. ముప్పై రెండేళ్ళు అయింది, కొన్ని వందల రాళ్ళు వేశాడు, ఏ రాయి ఎందుకు ఎక్కడ వేశాడో ఎవరికి గుర్తుంటుంది. తన రాయి తానే చూసి, అదే సరిహద్దనుకుని, చట్టానికి అవతల కూర్చున్నాననే ధీమాతో కూర్చున్నాడు. పాపం, పప్పులో కాలేశాడు. ఇలా అనుకుంటే నాకు కొంచెం తేలిగ్గా ఉంది.

"మర్చిపోయావు కదా" అన్నాను.

నాన్న చొక్కా కాలరు సరిచేశాడు. "లేదు."

"ఏంటి లేదు?"

"మర్చిపోలేదు. ఆ రోజు వాగులో మోకాలిదాకా నీళ్ళు. రెండుసార్లు రాయి దింపాం, రెండుసార్లూ ఒరిగిపోయింది. టేపు పట్టే మా చెయిన్‌మన్ చెప్పు కొట్టుకుపోయింది. సాయంత్రందాకా ఒంటి చెప్పుతో తిరిగాడు." కళ్ళజోడు తీశాడు. "ఎలా మర్చిపోతాను."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మరి షెడ్డు మన నేల మీదే ఉందని తెలిసే వెళ్ళావా?"

"తెలిసే."

"షెడ్డాయనకి తెలుసా?"

"తెలీదు. ఆయన కట్టేముందు నన్ను వచ్చి అడిగాడు, సరిహద్దు ఎక్కడ సార్ అని. నేను వెళ్ళి రాయి చూపించాను." చొక్కా పక్కన పెట్టి, "నాకో కుర్చీ ఊరికే ఇస్తానన్నాడు" అన్నాడు.

ఈ మాట కూడా తువ్వాలు మడిచినంత తీరిగ్గా చెప్పాడు. నీళ్ళు నమలలేదు, తల దించుకోలేదు. కేకలెయ్యాలని నాకు తెలుసు. పక్కింటి అత్తయ్యగారైతే ఈపాటికి వీధి వీధంతా లేపేసి ఉండేవారు. నాకు మాత్రం ఆ కుర్చీ ఏ గదిలోది, కిటికీ పక్కనా లోపలా అని అడగాలనిపించింది. అడిగాను కూడా.

"అయిదో గది. కిటికీ పక్కన" అన్నాడు.

"గెలిచేవాడివా?"

"మొదట్లో. తర్వాత లేదు."

"మరెందుకు వెళ్ళడం?"

నాన్న బట్టలు వదిలి నాకెదురుగా కూర్చున్నాడు. ఆయన అరచేతులు బల్ల మీద పెట్టుకున్నాడు. ఎండకి నల్లబడిన చేతులు రిటైరై పదమూడేళ్ళయినా రంగు మారలేదు.

"మీ అమ్మ పోయాక ఇంట్లో గడియారం చప్పుడు వినిపించేది. నువ్వు ఆఫీసుకి వెళ్ళేదానివి. కూర్చుంటే చప్పుడు, లేస్తే చప్పుడు. ఆడుతున్నంతసేపూ ఏమీ వినపడదు, ఏమీ అనిపించదు. గెలిచినా అనిపించదు, ఓడినా అనిపించదు. బాగుంటుంది. నీకు చెప్తే అర్థం కాదులే."

అర్థమైంది. అదే నాకు నచ్చలేదు. నాలుగు వారాలుగా నేనూ అలాగే ఉన్నాను, కుర్చీ అక్కర్లేకుండా, ఫోను అక్కర్లేకుండా. ఆయన డబ్బు కట్టి తెచ్చుకున్నది నాకు ఊరికే వచ్చింది. నా మీద నాకు చచ్చేంత జాలి వేసింది, ఒక్క నిమిషం వేసి పోయింది.

"సరే, కూర్చున్నావు. పోలీసులు వస్తే ఏంటనుకున్నావు?"

"వస్తే కొలత అడుగుతారు. కొలతకి ఎవరొస్తారు? ప్లాను చూస్తారు, రాయి చూస్తారు, అయిపోయిందంటారు. పుస్తకం దాకా వెళ్ళే సర్వేయరు ఈ ఆఫీసులో ఒక్కతే."

"నేను."

"నువ్వు. నేనే నేర్పాను." నా వైపు సూటిగా చూశాడు. "నువ్వు చూస్తావని నాకు తెలుసు. చూసి, మూసేసి, మళ్ళీ అటక మీద పెట్టేస్తావని అనుకున్నాను."

"అనుకున్నావా, పందెం కాశావా?"

ఆయన పుస్తకాన్ని వేలితో నెమ్మదిగా నా వైపు తోశాడు. చిన్నప్పుడు లెక్క తప్పు చేస్తే నోటు పుస్తకం ఇలాగే తోసేవాడు, నువ్వే చూసుకో అన్నట్టు.

"రేపు రాయి నుంచి మొదలుపెట్టు" అన్నాడు. "ఎవరూ అడగరు. ఆ రాష్ట్రం సర్వేయరుకి నువ్వు ఏం చెప్తే అది. పదిహేడు మంది ఇళ్ళకి పోతారు. నీ చేతికి ఏమీ అంటదు."

"పుస్తకం తెచ్చినట్టు రిజిస్టరులో రాశాను."

"ఎందుకు రాశావు?" మొదటిసారి గొంతు పెరిగింది.

"నువ్వే నేర్పావు."

ఇంత కోపంలోనూ నాన్నకి నవ్వొచ్చింది. నాకూ వచ్చినట్టే ఉంది, పెదవిదాకా రాలేదు. బట్టల దొంతర ఎత్తి లోపల పెట్టడానికి లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"ఇంకేమైనా ఉందా నాన్నా, నాకు చెప్పాల్సింది? ఉంటే ఇప్పుడే చెప్పెయ్యి. రేపు అందరి ముందూ నా మొహం చూసి ఏం లాభం."

"ఏముంటుంది" అన్నాడు. లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పదింటికి షెడ్డు దగ్గర బస్సు దిగాను. ఆఖరి స్టాపు కావడంతో డ్రైవరు ఇంజను ఆపి, తాపీగా కిటికీలోంచి మా సంబరం చూస్తూ కూర్చున్నాడు. షెడ్డాయన రాయికి తెల్ల రంగు వేయించి, చుట్టూ చిన్న కమ్మీ కట్టించాడు. పాపం ఆయనకి ఆ రాయంటే ఎంత ప్రేమో. కోర్టు పంపిన లాయరు ఒకాయన గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు, జరిగింది జరిగినట్టు రాసుకుని కోర్టుకి చెప్పేది ఆయనే. పక్క రాష్ట్రం సర్వేయరు చాలా కుర్రగా, మర్యాదగా ఉన్నాడు, యంత్రం మూడు కాళ్ళూ సర్దుకుంటున్నాడు. షెడ్డాయన, ఆయన లాయరు మా ఎదురుగా. పోలీసులు కట్టిన తాడు అవతల పదిహేడు మంది. వాళ్ళలో చివర నాన్న, ఇస్త్రీ చొక్కా వేసుకుని.

మా చెయిన్‌మన్ నాకంటే ముందు నాన్న దగ్గర ఇరవై ఏళ్ళు పనిచేశాడు. టేపు సంచి భుజాన వేసుకుని నేరుగా తాడు దగ్గరికి వెళ్ళాడు. "సార్, ఎండగా ఉంది, ఇలా నీడలోకి రండి" అని నాన్నకి స్టూలు వేశాడు. అక్కడితో ఆగలేదు. అలవాటు చొప్పున టేపు విప్పి ఒక కొస ఆయన చేతికే ఇచ్చాడు. ఇచ్చాక నాలుక కరుచుకుని మళ్ళీ లాక్కున్నాడు. ఎవరో నవ్వారు.

"మేడం, మొదలుపెడదామా?" కుర్ర సర్వేయరు అడిగాడు. "రాయి నుంచే కదా?"

అందరూ రాయినే చూస్తున్నారు. నేను నాన్నని చూశాను. స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు. బతిమాలుతున్నట్టు లేదు, బెదిరిస్తున్నట్టూ లేదు. ఆఖరి ముక్క తిప్పేముందు మనిషి మొహం ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు, అప్పుడు చూశాను. నేను తప్పు చెప్తే ఆయన ఇంటికొస్తాడు, నాతోపాటే రేపూ ఎల్లుండీ భోంచేస్తాడు, తర్వాత మళ్ళీ అయిదో గదికి వెళ్తాడు. ఇది నాకు పగటి ఎండంత స్పష్టంగా తెలిసింది.

"రాయి నుంచి కాదు" అన్నాను.

నా గొంతు నాకే పరాయిగా ఉంది. సంచిలోంచి పుస్తకం తీసి, పేజీ తెరిచి కోర్టు లాయరుకి ఇచ్చాను. "ఈ రాయి అసలు చోటులో లేదండి. ఇక్కడొకప్పుడు వాగు ఉండేది. సరిహద్దు దాని మధ్యలోంచి పోతుంది. రాయి నిలవక పద్నాలుగు మీటర్లు వెనక్కి వేశారు. వేసినవాళ్ళ రాతే అది. అటువైపు పద్నాలుగు మీటర్లు కొలిచి, అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి."

లాయరు గొడుగు చెయిన్‌మన్‌కి ఇచ్చి పేజీ చదివాడు. కుర్ర సర్వేయరు ఆయన భుజం మీదుగా తొంగిచూసి, షెడ్డు వైపు చూసి, యంత్రం కాళ్ళు మళ్ళీ ముడిచాడు. తాడు అవతల గుసగుసలు మొదలయ్యాయి. "అంటే మనం..." అని ఎవరో అంటున్నారు. షెడ్డాయన తెల్ల రాయి వంక, అది తనని మోసం చేసినట్టు చూశాడు. నేను నాన్న వైపు చూడలేదు. చూస్తే మాట మార్చేస్తానని భయం వేసింది. భయమే. నాలుగు వారాల తర్వాత అది తిరిగొచ్చింది.

షెడ్డాయన లాయరు మాత్రం కంగారుపడలేదు. ఫైలు తెరిచి, ప్లాస్టిక్ కవర్లో ఉన్న ఒక కాగితం తీశాడు. "మేడంగారు ఇవాళ ఈ మాట అంటున్నారు. రెండేళ్ళ కిందట, మా క్లయింటు కట్టడం మొదలుపెట్టకముందు, వేరే మాట అన్నారండి. అవసరం పడదనుకుని ఇన్నాళ్ళూ కోర్టులో పెట్టలేదు."

కాగితం చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. మా ఆఫీసు ఫారమే. హద్దు చూపించినట్టు ఇచ్చే ఫారం. అందులో రాయి గుర్తు, దాని మీదుగా గీసిన సరిహద్దు గీత, అవతల షెడ్డుకి చోటు. "ఈ రాయే రాష్ట్ర సరిహద్దు" అని రాసి ఉంది. ఆ అక్షరం వంకర పోలేదు. నిలబడి రాసినా పోదు.

కింద సంతకం నాది. సీలు నాది. ఫోర్జరీ అనుకుందామన్నా లేదు, అది నేను పెట్టిందే, నా నల్ల సిరా పెన్నుతో. నెలాఖరుకి పనులు పేరుకుపోతే జనాన్ని తిప్పడం ఎందుకని, ఖాళీ ఫారాల కట్ట మీద ముందే సంతకాలు పెట్టి, సీలు వేసి, ఇంట్లో బల్ల సొరుగులో ఉంచుకోవడం నాకు అలవాటు. మా ఆఫీసులో అందరికీ అలవాటే. ఆ సొరుగుకి తాళం ఉండదు. మా ఇంట్లో మేమిద్దరమే కదా.

"ఈ సంతకం మీదేనా మేడం?" కోర్టు లాయరు అడిగాడు. పెన్ను కాగితం మీద ఆనించి ఉంచాడు, రాసుకోవడానికి.

కాదంటే అబద్ధం. నాన్న రాశాడంటే, పేకాట కేసు ఎక్కడో వెనక్కి పోయి, ఆరు నెలలు ఏళ్ళవుతాయి. అప్పుడు చూశాను ఆయన్ని. స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా అంచు గుప్పిట్లో నలిపేస్తున్నాడు. ఆ మొహం చూశాక నాలో మొద్దుబారి ఉన్నదంతా ఒక్కసారిగా నొప్పెట్టింది.

"నాదే" అన్నాను.

లాయరు రాసుకున్నాడు. రాయడం అయ్యాక తల ఎత్తాడు. "అయితే మేడం, రెండేళ్ళ కిందట ఇదే చోటు మీరే కొలిచారన్నమాట. ఆ రోజు మీతో ఇంకెవరొచ్చారు?"

తాడు అవతలి నుంచి నాన్న సమాధానం చెప్పడానికి నోరు తెరిచాడు.